పదకొండో తీగ

జనవరి 19, సోమవారం

పొద్దున సెంటర్ తాళం తీసి సర్వర్ చూశాను. లైనక్స్ లేచింది. దాని లోపలి విండోస్ లేవలేదు.

ఎర్రర్ ఒకే లైను. ఏదో లైబ్రరీ ఫైలు దొరకడం లేదని.

పద్మ వచ్చాక చెప్పాను. భుజం మీది బ్యాగు దించకుండానే నిలబడిపోయింది. ఎల్లుండి ముస్కాన్ రావాలి.

ముస్కాన్‌ది తాండూరు. ఐదో ఏట చెవి లోపల ఇంప్లాంట్ వేశారు. అప్పటి నుంచి మా చెల్లెలు పద్మారాణి దగ్గరే, ఈ వికారాబాద్ సెంటర్లోనే మాట నేర్చుకుంది. ఇప్పుడు నిండు గర్భిణి. తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. పోయిన వారం తలస్నానానికి పోతూ చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ తీసి పక్కన పెడుతుంటే అది జారి వేణ్నీళ్ల బకెట్లో పడింది. అది లేకపోతే ఆమెకు పిడుగు పడ్డా వినపడదు.

ఆ మోడల్ తయారు చేయడం ఎప్పుడో మానేశారు. కొత్తవి ఆమె లోపలి ఇంప్లాంట్‌తో కలవవు. కుల్కచర్ల పిల్లవాడొకడు తన ఇంప్లాంట్ మార్చుకుని, పాత ప్రాసెసర్ మాకు ఇచ్చిపోయాడు. దేవుడు దాచిపెట్టినట్టు అది అల్మారాలో ఉంది. కానీ అందులో ఉన్నది ఆ పిల్లవాడి మ్యాప్. చెవి లోపలి ఏ తీగకు ఎంత కరెంటు పంపాలి అనే లెక్క. అది తుడిచి ముస్కాన్ మ్యాప్ ఎక్కించాలి. ఎక్కించే సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లోనే నడుస్తుంది. ఆ పాత విండోస్ మా సర్వర్ లోపల ఉంది.

నాలుగేళ్ల క్రితం పాత కంప్యూటర్ కాలిపోతే నేనే ఎక్కించాను. కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్. ప్రాసెసర్‌ను కంప్యూటర్‌కు కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టె ఒకటి పద్మ దగ్గరుంది, దాంతో రెడీమేడ్ ప్యాకేజీ సరిగ్గా మాట్లాడలేదు. అందుకని సోర్స్ కోడ్ తెచ్చి, ఒకచోట మార్చి, సొంతంగా కంపైల్ చేసుకున్నాను. పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసుకున్న రోజుల అలవాటు.

మధ్యాహ్నానికి కారణం దొరికింది. మా ఇంట్లో ఆదివారం ఎవరూ పని ముట్టరు. మా నాన్న మత్తయ్య పెట్టిన పద్ధతి. వాన వెలిసి నేల పదునైనా ఆయన ఆదివారం నాగలి కట్టలేదు. సర్వర్ అప్‌డేట్లేమో పేషెంట్లు లేని రోజే చేయాలి. అది ఆదివారమే. అందుకని ఆ పని మిషన్‌కే అప్పజెప్పాను. మేము ఆరాధనలో ఉంటే అది తనంతట తాను ఊడ్చి సర్దుకుంటుంది. నిన్న ఊడుస్తూ ఎవరికీ అక్కర్లేని ఫైళ్లు పారేసింది. నేను సొంతంగా కట్టుకున్న ప్రోగ్రాం దాని లెక్కల్లో లేదు. దానికి కావలసిన ఫైలు కూడా ఎవరికీ అక్కర్లేనిదే అయింది.

పద్మకు చెప్పాను. మనం ఆదివారం పని ముట్టం గాని మిషన్‌తోని మాత్రం చేపిస్తమా, దానికి బాప్తిస్మం కాలేదనా, అంది. నవ్వలేదు. నేనూ నవ్వలేదు.


జనవరి 20, మంగళవారం

ఆ ఫైలు తిరిగి తెచ్చాను. కొత్త వెర్షన్ వచ్చింది. దాంతో పాటు ఇంకా ఏవేవో దిగాయి. నా పాత ప్రోగ్రాం కొత్త ఫైలును ఒప్పుకోలేదు.

పాత సోర్స్ లేదు. డిస్క్ నిండిందని ఎప్పుడో తీసేశాను. కొత్త సోర్స్ తెచ్చి మొదటి నుంచి కంపైల్ పెట్టాను. ఇది లేదు, అది లేదు అని అడిగినవన్నీ ఇచ్చాను. స్క్రీన్ మీద లైన్లు పైకి పోతుంటే వంకాయలు తరిగాను, ఇంటికి పోయి వండి తెచ్చాను, ఇంకా పోతూనే ఉన్నాయి. పాత సర్వర్. దాని ఫ్యాన్ పిండిగిర్నీలా మోగుతోంది.

సాయంత్రం కంపైల్ అయింది. పాత సెట్టింగ్ ఫైలు ఒప్పుకోకపోతే దాన్ని తీసేసి, టూల్‌తో కొత్తది రాయించాను. విండోస్ లేచింది. తెరమీద ఆ పచ్చ కొండ, నీలం ఆకాశం చూసి పద్మ చేతులు జోడించింది.

హైదరాబాద్‌లో ఇంప్లాంట్ వేసిన పెద్ద హాస్పిటల్‌కు కూడా పద్మ ఫోన్ చేసి పెట్టిందట. అట్లాంటి పెట్టె ఎప్పుడో పారేశామన్నారట. ఇక మా దగ్గరున్నదే.

స్తోత్రం చెప్పుకుని పడుకున్నాను.


జనవరి 21, బుధవారం

ఎక్కలేదు.

ముస్కాన్, వాళ్లమ్మ ఖుర్షీద్ పొద్దుటి రైలుకు వచ్చారు. స్టేషన్ మెట్లెక్కి దిగేసరికి పిల్ల కాళ్లు వాచిపోయాయి. వినపడకపోతే తన గొంతు తనకు తెలియదు కదా, గది దద్దరిల్లేలా సలాం చెప్పింది. ఖుర్షీద్ అరచేయి కిందికి ఊపి చూపించింది. తగ్గించు అని. వారం నుంచి అదే పని అట. బస్టాండ్‌లో అందరూ మర్లి చూస్తున్నరు అక్కా, కొట్లాడుతున్నమనుకుంటున్నరు, అంది.

పద్మ ముందు ప్రాసెసర్‌ను బల్లమీద పెట్టి చూసింది. ఇది పరీక్షకే. అసలు మ్యాప్ మనిషి తలమీద పెట్టి, ఒక్కో తీగనూ కొంచెం కొంచెం పెంచుతూ, ఎంత వినపడుతోందో ఆమె చేత్తో చూపిస్తుంటే పెట్టాలి. కడుపుతో ఉన్నప్పుడు ఆ లెక్కలు మారవచ్చని పద్మ అంటుంది. గుడ్డిగా పెట్టకూడదు.

మొత్తం ఇరవై రెండు తీగలు. ఒకటి, రెండు, మూడు, పచ్చ గీత పాకుతూ పోయింది. పదకొండు దగ్గర ఆగింది. పెట్టె జవాబివ్వడం లేదని వచ్చింది. మళ్లీ మొదలుపెట్టింది పద్మ. మళ్లీ పదకొండు. మళ్లీ.

ఖుర్షీద్ తట్టుకోలేకపోయింది. పది ఎక్కినయంటున్రు కద మేడం, గా పదితోనే పెట్టుండ్రి, సగం ఇనపడ్డా చాలు మా పిల్లకు, అంది. పద్మ గొంతు గట్టిగా వచ్చింది. మిగిలిన తీగలల్ల గా పిలగాని కరెంటు ఉందమ్మా, పెడితే తలకాయల సుత్తెతోని కొట్టినట్టుంటది, కడుపుతోని ఉన్న పిల్లకు నేను పెట్టను, అంది.

ముస్కాన్ వాళ్ల పెదవులు చూస్తూ కూర్చుంది. అంతా అర్థమైంది. తర్వాత నా వైపు తిరిగింది. చిన్నప్పటి నుంచి ఆమెకు పద్మ మేడం, నేను పెద్ద మేడం. పెద్ద మేడం, పిల్ల ఏడ్సుడు నేనే మొదలు ఇనాలె, అంది. అందరు ఇన్నంక ఎవరో చెయ్యి పట్టి గుంజి, నీ పిల్ల ఏడుస్తుంది సూడు అని చెప్తే ఒద్దు. నేను తల్లిని. నాకు నేనే ఇనాలె.

ఇదంతా అరుపులో చెప్పింది. ఈసారి ఖుర్షీద్ చెయ్యి ఊపలేదు.

నేను తల ఊపాను. మాట ఇచ్చినట్టయింది. ఇవ్వకుండా ఉండాల్సింది.

పోయేముందు నమాజుకు శుభ్రమైన చోటేదన్నా ఉందా అక్కా అని ఖుర్షీద్ అడిగింది. సర్వర్ గది తప్ప ఖాళీ లేదు. నా శాలువా పరిచి ఇచ్చాను. ఆ ఫ్యాన్ రొదలోనే ఆమె చదువుకుంది. బయట కుర్చీలో నేనూ కళ్లు మూసుకున్నాను. ఇద్దరం అడిగింది ఒకటే అయి ఉంటుంది.


జనవరి 22, గురువారం

ప్రోగ్రాం తను చేసిందల్లా రాసిపెట్టే లాగ్ చదువుతూ కూర్చున్నాను. నాలుగేళ్ల క్రితం నేను మార్చింది ఏమిటో గుర్తొచ్చింది. ఆ పెట్టె ముసలిది. ఒక మాట చెప్పాక కాస్త ఆగితేనే రెండో మాట వింటుంది. సర్వర్ గబగబా మాట్లాడేస్తే మధ్యలో కొన్ని మాటలు పడిపోతాయి. అందుకే సీరియల్ పోర్ట్ కోడ్‌లో మాటకూ మాటకూ మధ్య చిన్న విరామం పెట్టాను.

అదే లైను కొత్త సోర్స్‌లో రాశాను. కంపైల్. ఇన్‌స్టాల్. విండోస్ ఆపి మళ్లీ లేపాను.

పదకొండు.

విరామం చాలలేదేమో. పెంచాను. పదకొండు. ఇంకా పెంచాను. పదకొండు.

గుర్తున్నది తప్పేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది.


జనవరి 23, శుక్రవారం

మార్చాను, కంపైల్ చేశాను, పదకొండు. మార్చాను, కంపైల్ చేశాను, పదకొండు.


జనవరి 24, శనివారం

ఖుర్షీద్ ఫోన్ చేసింది. బిడ్డ తల కిందికి దిగిందని డాక్టరమ్మ చెప్పిందట. ఇవాళో రేపో అన్నదట. పిల్ల ఎవరితోనూ మాట్లాడుతలేదక్కా, అంది. అరిచినా బాగుండేదనిపిస్తుంది ఇప్పుడు, అంది.

కేబుల్ మార్చాను. అది తగిలించే కార్డు ఊడదీసి స్పిరిట్‌తో తుడిచాను. పెట్టెను పద్మ పాత లాప్‌టాప్‌కు కలిపి వెలుగుతోందా అని చూశాను. వెలుగుతోంది. పెట్టెది తప్పు కాదు.

సాయంత్రం పద్మ పట్టలేకపోయింది. అక్క, నీ ఓపిక సూస్తుంటే నాకు భయమైతుంది, జర గట్టిగ అరువు, లేకపోతే ఆ డబ్బానన్న ఒక్క తన్ను తన్ను, అంది. నేను టీ గ్లాసులు కడుగుతున్నాను. నువ్వు గట్లనే గ్లాసులు కడుగు, అంది. రేపు ఎట్లాగు ఆదివారం, రేపు నువ్వు ముట్టవు, ఎల్లుండి జెండా పండుగ, మంగళవారానికి ఆ పిల్ల కనే ఉంటది, నీ నియమం నీకు, దాని చెవుడు దానికి.

గ్లాసులు బోర్లించి ఇంటికి వచ్చాను.

దేవా, పద్మ మాటలో అబద్ధమేమీ లేదు.


జనవరి 25, ఆదివారం

ఆరాధన నుంచి నేరుగా వచ్చి సెంటర్ తాళం తీశాను.


జనవరి 26, సోమవారం

స్కూలు మైకులో పాటలు. రోడ్డుమీద పిల్లలు కాగితం జెండాలతో పోతున్నారు. మేమిద్దరం లోపల.

నిన్న ముట్టాను గానీ సాధించింది లేదు. అవే అంకెలు, అదే పదకొండు. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటి తట్టింది. విరామం పెంచితే కాస్త ముందుకైనా పోవాలి. తగ్గిస్తే కాస్త వెనకైనా ఆగాలి. ఏం పెట్టినా సరిగ్గా అక్కడే ఆగుతోందంటే నేను చెప్పేది ప్రోగ్రాం వినడమే లేదు.

పొద్దున వచ్చి కోడ్‌లో ఇంకొక లైను రాశాను. ప్రోగ్రాం మొదలవగానే లాగ్‌లో నా పేరు రాయమని. సంతోషమ్మ. కంపైల్ చేసి, ఇన్‌స్టాల్ చేసి, విండోస్ లేపాను. లాగ్ తెరిచాను.

నా పేరు లేదు.

నడుస్తున్న ప్రోగ్రాం ఎక్కడిదని సిస్టమ్‌ను అడిగాను. నేను కట్టినవన్నీ లోకల్ ఫోల్డర్‌లో ఉంటాయి. నడుస్తున్నది సిస్టమ్ ఫోల్డర్లోది. రెడీమేడ్ ప్యాకేజీ. మంగళవారం లైబ్రరీ ఫైలుతో పాటు దిగిన వాటిలో అదీ దిగింది. నేను కొత్త సెట్టింగ్ రాయిస్తే టూల్ తనకు తెలిసిన దారి, అంటే ఆ ప్యాకేజీ దారి రాసుకుంది. అంత సులువుగా విండోస్ లేచింది అందుకే. గురువారం నుంచి ఒకదాన్ని బాగుచేస్తూ ఇంకొకదాన్ని నడుపుతున్నాను.

కుర్చీలో వెనక్కి వాలాను. పద్మ భయపడి, ఏమైందక్క, పోయిందా, అంది. పక్కింటామెకు జ్వరమొస్తే మన ఇంటామెకు గోళీలేస్తున్నాను ఇన్ని రోజులూ, అన్నాను. పద్మ కాసేపు నన్నే చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేక బల్లమీద తల పెట్టుకుని నవ్వింది. చివరకు ఏడ్చింది.

సెట్టింగ్‌లో దారి మార్చాను. ఈసారి యాప్‌ఆర్మర్ అనే కాపలా ప్రోగ్రాం అడ్డుపడింది. లోకల్ ఫోల్డర్ నుంచి వచ్చినవాళ్లను రానివ్వదట. దానికి రెండు లైన్లలో పరిచయం రాసి ఇచ్చాను. లేపాను.

లాగ్‌లో మొదటి లైను. సంతోషమ్మ.

పద్మ ప్రాసెసర్ బల్లమీద పెట్టింది. తొమ్మిది. పది. పదకొండు. పచ్చ గీత అక్కడ కాస్త ఆగినట్టే ఆగింది. పన్నెండు. ఇరవై రెండు వరకూ పోయింది. తుడిచి మళ్లీ ఎక్కించింది. విండోస్ ఆపి, లేపి, మళ్లీ ఎక్కించింది. ఎక్కింది.

రేపు మొదటి రైలుకే తీసుకురమ్మని చెప్పడానికి పద్మ ఫోన్ చేసింది. ఖుర్షీద్ ఎత్తలేదు. అల్లుడు అఫ్సర్ ఎత్తాడు. హాస్పిటల్‌లో ఉన్నం మేడం, ఉమ్మనీరు పోయింది, అన్నాడు.


జనవరి 27, మంగళవారం

ఆడపిల్ల. పొద్దున్నే ఆపరేషన్ చేసి తీశారట. ఇద్దరూ క్షేమం. స్తోత్రం.

ముస్కాన్‌కు నడుముకే మత్తు ఇచ్చారు. మెలకువగానే ఉంది. తెర మీదుగా పిల్లను ఎత్తి చూపించారట. నోరు తెరిచింది కనపడిందట. తాత వచ్చి పిల్ల చెవిలో అజాన్ పిలుపు చెప్పాడట. అదీ చూసిందట.

పదింటికి ఆమె దగ్గర నుంచే నాకు మెసేజ్ వచ్చింది.

“పెద్ద మేడం. అందరు ఇన్నరు. నేను చూసిన.”

ఆ రెండు మాటలే.

కుట్లు మానేదాకా ముస్కాన్‌ను వికారాబాద్ తేవడం కుదరదు. సర్వర్ తాండూరు పోవాలి. పద్మకు చెబితే నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. గా గుంతల రోడ్డుల దీన్ని తీస్కపోతవా, డిస్క్ కదిలితే ముస్కానే కాదు, రేపు ఇంకొకరొస్తే వాళ్లకూ దిక్కుండదు, దేశంల ఇదొక్కటే ఉన్నట్టుంది మనకు, అంది. నిజమే. అందుకే మధ్యాహ్నమంతా డిస్క్ మొత్తానికి నకలు తీసి బీరువాలో పెట్టాను. అప్పుడు సరేనంది. రోడ్డుకు మాత్రం ఒప్పుకోలేదు. రైలుల పెడదామా అంటే, జనం దాని మీద కూసుంటరు, అని తనే అంది.

అఫ్సర్‌కు ట్రాలీ ఆటో ఉంది. తాండూరు బండలు కొట్టే చోటి నుంచి ఇళ్లకు చేరవేస్తాడు. నేను తీస్కొస్త అమ్మా, బండ పలగకుండ తెచ్చేటోనికి డబ్బా ఒక లెక్కనా, అన్నాడు.


జనవరి 28, బుధవారం, పొద్దున

బయల్దేరుతున్నాం. అఫ్సర్ ట్రాలీలో గోనెసంచులు, వాటిమీద వరిగడ్డి, దానిమీద వాళ్లింటి పరుపు పరిచాడు. బండలకు గడ్డే, దీనికి పరుపు, అన్నాడు. సర్వర్‌ను దుప్పటిలో చుట్టాం, పెట్టె, ప్రాసెసర్ పద్మ బ్యాగులో. నేను వెనక దాని పక్కనే కూర్చుంటానంటే ఇద్దరూ ఒప్పుకోలేదు. నేను ఎక్కి కూర్చున్నాను. ఇక ఏమంటారు.

మంచు ఇంకా విడవలేదు. అనంతగిరి కొండల వైపు ఏమీ కనపడడం లేదు.


అదే రోజు, మధ్యాహ్నం మూడు

ఒక్కో గుంతకూ అఫ్సర్ బండి దాదాపు ఆపి దింపాడు. వెనకనుంచి లారీవాళ్లు తిట్టారు. లోపల గుడ్లున్నయా అని ఒకడు అడిగాడు. అంతకంటె ఎక్కువే అన్నా, అని అఫ్సర్ జవాబు. దారంతా నా చెయ్యి దుప్పటిమీదనే ఉంది. ప్రార్థనలో మాటలు రాలేదు. చెయ్యి తీయకుండా ఉండడమే చేశాను.

హాస్పిటల్లో మూలగది ఇచ్చారు. నర్సు వచ్చి, ఇదేం మిషన్, పర్మిషన్ ఉందా, అని నిలదీసింది. వినపడే మిషన్ సిస్టర్, అని ఖుర్షీద్ చెప్పి ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా బయటికి తీసుకుపోయింది. ఏం చెప్పిందో తెలియదు. తిరిగి రానివ్వలేదు.

స్విచ్ వేశాను. నల్ల తెరమీద గీత ఆడుతూ చాలాసేపు ఉండిపోయింది. డిస్క్ పోయిందనుకున్నాను. తర్వాత లేచింది. లాగ్ తెరిచాను. నా పేరు ఉంది. విండోస్ లేచింది.

పద్మ ముస్కాన్ జుట్టు పక్కకు తీసి ప్రాసెసర్ పెట్టింది. అయస్కాంతం టక్కున అతుక్కుంది. మొదట అన్ని తీగలూ సున్నా. ఒకటో తీగ కొంచెం పెంచింది. ముస్కాన్ కళ్లు మూసుకుని వేలు ఎత్తింది. రెండోది. వేలు. కుట్ల నొప్పికి మధ్యలో మొహం ముడుచుకుంటే పద్మ ఆపి, తీగదా, కడుపుదా, అని సైగ చేసింది. కడుపు చూపించింది. మళ్లీ మొదలు. పదకొండో తీగ వచ్చేసరికి పద్మ నా వైపు చూసింది. నేను తెర వైపు చూశాను. వేలు లేచింది.

అన్నీ అయ్యాక పద్మ మొత్తం కలిపి తెరిచింది. ముస్కాన్‌కు కనపడకుండా ఆమె వెనక నిలబడి, మామూలు గొంతుతో, ముస్కాన్, ఛాయ్ తాగుతవా, అంది.

ముస్కాన్ తల తిప్పింది.

తాగుత మేడం, అని గట్టిగా అరిచింది. అరిచి తన అరుపు తానే విని ఉలిక్కిపడింది. చేత్తో నోరు మూసుకుంది. తాగుత, అని మళ్లీ అంది, చాలా చిన్నగా. ఇన్ని రోజులు నేను గిట్లనే అరిసిన్నా, అని వాళ్లమ్మను అడిగింది. లేదు బిడ్డా, కొంచమే, అని ఖుర్షీద్ అబద్ధం చెప్పింది. అఫ్సర్ గోడవైపు తిరిగి ఫోన్ చూసుకుంటున్నాడు. ఫోన్ వెలగడం లేదు.

పసిపిల్ల ఇప్పుడే పాలు తాగి పడుకుంది.


అదే రోజు, సాయంత్రం

ఇంకా లేవలేదు.

ఖుర్షీద్ చిన్న పాదం గిల్లబోయింది. ముస్కాన్ ఆమె చెయ్యి పట్టుకుంది. పండనియ్యి అమ్మీ, దానంతట అదే ఏడ్సని, అంది.

పద్మ చెప్పులు విప్పి బయట పెట్టింది. అఫ్సర్ తలుపు చేత్తో పట్టుకుని చప్పుడు కాకుండా మూశాడు. ముస్కాన్ తల ఎత్తి, పెద్ద మేడం, ఆ గుయ్‌మని మోగేది ఏంది, అని అడిగింది.

సర్వర్‌తో ఇక పని లేదు, ఆపేశాను.

ఇప్పుడు గదిలో ఏ చప్పుడూ లేదు. అందరం కూర్చున్నాం.